సముద్ర సైస్మిక్ సర్వేలో చిత్ర స్పష్టత

సముద్రం అడుగున ఉన్న రాతిపొరలను శబ్దతరంగాల ప్రతిధ్వనులతో చిత్రించే పద్ధతి సముద్ర సైస్మిక్ సర్వే. చమురు, సహజవాయువు అన్వేషణలో బావి తవ్వేముందు చేతికందే ప్రధాన ఆధారం ఇదే. సముద్రంలో గాలిమరల పునాదులకు చోటు ఎంచడం, గ్యాస్ హైడ్రేట్ నిల్వలను అంచనా కట్టడం, నీటి అడుగు వాలులు జారిపడే ప్రమాదాన్ని గుర్తించడం వంటి పనులూ దీని మీదే ఆధారపడతాయి. చిత్రంలో ఎంత చిన్న వివరం విడిగా తెలుస్తుందో దాన్ని పృథక్కరణ సామర్థ్యం అంటారు. ఒక ఇసుకపొర పైకప్పు, అడుగు రెండు వేర్వేరు ప్రతిధ్వనులుగా నమోదైతే ఆ పొర మందాన్ని కొలవవచ్చు. రెండూ కలిసిపోయి ఒకే గీతగా వస్తే పొర ఉందని తెలుస్తుంది గానీ మందం తెలియదు. లోతు సముద్రంలో ఒక్క బావికే వందల కోట్ల రూపాయలు ఖర్చవుతాయి కాబట్టి ఈ తేడాకు ఎంతో విలువ ఉంది.

స్పష్టత పెంచడమంటే పౌనఃపున్యం పెంచడమేనన్న అభిప్రాయం ఈ రంగంలో చాలాకాలం బలంగా ఉండేది. అందులో సగమే నిజం. పదునైన చిత్రానికి ఎక్కువ పౌనఃపున్యాలు ఎంత అవసరమో బాగా తక్కువ పౌనఃపున్యాలూ అంతే అవసరం. ఈ రెండు కొసలనూ కత్తిరించేస్తున్నది చాలావరకు ఓడ తేలుతున్న నీటి ఉపరితలమే. 2007 తర్వాత వచ్చిన పెద్ద మార్పులన్నీ ఈ సంగతిని గట్టిగా పట్టించుకున్నాకే సాధ్యమయ్యాయి.

ఓడ వెనుక ఏముంటుంది

సర్వే ఓడ సెకనుకు సుమారు రెండున్నర మీటర్ల వేగంతో, గీసిన గీత మీద పోయినట్టు తిన్నగా సాగుతుంది. దాని వెనుక 5 నుంచి 8 మీటర్ల లోతులో ఎయిర్‌గన్‌ల వరసలు వేలాడుతుంటాయి. చదరపు అంగుళానికి సుమారు 2000 పౌండ్ల ఒత్తిడితో బిగించిన గాలిని అవి ఒక్కసారిగా నీటిలోకి వదులుతాయి. స్టీఫెన్ ఛెల్మిన్‌స్కీ 1960ల్లో రూపొందించిన ఈ సాధనం వచ్చాక సముద్రంలో డైనమైట్ పేల్చే అవసరం క్రమంగా పోయింది. అయితే వదిలిన గాలి బుడగలా ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతుంది. ఆ ఊగిసలాట ప్రతిధ్వని వెంట తోకలా వచ్చి చిత్రాన్ని చెడగొడుతుంది. అందుకే వేర్వేరు పరిమాణాల గన్‌లను ఒకేసారి పేలుస్తారు. తొలి తాకిడి అన్నిటికీ ఒకే క్షణంలో పడి బలపడుతుంది. బుడగల ఊగిసలాటలు మాత్రం వేర్వేరు లయల్లో సాగి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి.

ఎయిర్‌గన్‌ల వెనుక స్ట్రీమర్లు సాగుతాయి. ఒక్కోటి 6 నుంచి 10 కిలోమీటర్ల పొడవైన కేబుల్. దాని లోపల వేల సంఖ్యలో హైడ్రోఫోన్లు, అంటే నీటిలో శబ్దాన్ని పట్టే మైకులు, ఉంటాయి. పెద్ద ఓడలు ఇలాంటి కేబుళ్లను పది, పన్నెండు, ఒక్కోసారి అంతకు మించి పక్కపక్కన లాగుతాయి. 2013లో నీటిలోకి దిగిన రామ్‌ఫార్మ్ టైటాన్ ఓడ వెనుక భాగం వెడల్పు 70 మీటర్లు. 24 స్ట్రీమర్ల చుట్టలు పట్టేలా దాన్ని కట్టారు. కేబుల్ పొడవునా అక్కడక్కడా ‘బర్డ్’ అనే చిన్న రెక్కల పరికరాలు బిగిస్తారు. అవి రెక్కలు వాల్చుతూ, ఎత్తుతూ కేబుల్‌ను అనుకున్న లోతులో నిలుపుతాయి. చివర తేలే బోయా మీద జీపీఎస్ ఉంటుంది.

ఇంత సరంజామాలోనూ చిత్రాన్ని పాడుచేసేవి చిన్నచిన్న సంగతులే. వెచ్చని నీళ్లలో వారాల తరబడి ఈడ్చిన కేబుల్ మీద బార్నకిల్స్ అనే గుల్లజీవులు గుత్తులుగా పెరుగుతాయి. అవి నీటిని కోస్తూ సుడులు రేపడంతో హైడ్రోఫోన్ పక్కనే రొద పుడుతుంది. కేబుల్ బరువెక్కి ఓడకు లాగడమూ కష్టమవుతుంది. అప్పుడు సిబ్బంది చిన్న పడవలో దిగి, కేబుల్‌ను కొంచెంగా పైకెత్తి గుల్లలను గీకేస్తారు. కేబుల్‌ను నీటిలో తేలికగా ఉంచడానికి పూర్వం లోపల కిరోసిన్ లాంటి నూనె నింపేవారు. ఇప్పుడు గట్టి పదార్థమో జెల్లో నింపిన కేబుళ్లు వచ్చాయి. అలల కదలిక లోపలి ద్రవాన్ని ఊపడం వల్ల పుట్టే రొద వీటిలో బాగా తగ్గింది. పలచని పొర నుంచి వచ్చే ప్రతిధ్వని ఎంతో బలహీనమైనది. రొద తగ్గితేనే అది వినబడుతుంది.

ఎంత పలచని పొర కనబడుతుంది

నిలువు పృథక్కరణకు ఈ రంగంలో అందరూ పాటించే కొలత తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. పొర మందం అంతకన్నా తగ్గితే పైకప్పు ప్రతిధ్వని, అడుగు ప్రతిధ్వని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రాతిలో శబ్దవేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. సముద్రగర్భానికి దగ్గరలోని మెత్తని అవక్షేపాల్లో వేగం సెకనుకు 2000 మీటర్లు, ప్రతిధ్వని ప్రధాన పౌనఃపున్యం 50 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 40 మీటర్లు. విడిగా తెలిసే పొర 10 మీటర్లు. అదే నాలుగైదు కిలోమీటర్ల లోతుకు పోతే రాయి గట్టిపడి వేగం 4000 మీటర్లవుతుంది, మిగిలే పౌనఃపున్యం 20 హెర్ట్జ్‌కు పడిపోతుంది. తరంగదైర్ఘ్యం 200 మీటర్లు, విడిగా తెలిసే పొర 50 మీటర్లు. పదిహేను అంతస్తుల భవనమంత మందం ఉన్నా ఆ పొర అక్కడ అంచు మీద ఉన్నట్టే లెక్క.

నాలుగో వంతు హద్దు కొండంత గోడేమీ కాదు. 1973లో విడెస్ అనే భూభౌతిక శాస్త్రవేత్త పలచని పొరల ప్రతిధ్వని ఆకారాన్ని విశ్లేషించి, రొద తక్కువగా ఉంటే ఎనిమిదో వంతు వరకు సమాచారం దొరుకుతుందని చూపించాడు. ఆ హద్దు కింద పొర మందం ప్రతిధ్వని ఆకారంలో కనబడదు, దాని బలంలో కనబడుతుంది. పొర సన్నబడేకొద్దీ గీత పలచబడుతుంది. దగ్గరలో బావి ఉండి ఒకచోట మందం తెలిస్తే, మిగతాచోట్ల గీత బలాన్ని బట్టి మందం అంచనా కట్టవచ్చు. బావి లేని చోట మాత్రం ఈ అంచనా నమ్మదగింది కాదు. మందం తగ్గినా, రాతి గుణం మారినా గీత ఒకే తీరుగా పలచబడుతుంది.

పౌనఃపున్యం లోతుతోపాటు ఎందుకు పడిపోతుందంటే రాయి శబ్దాన్ని మింగేస్తుంది కాబట్టి. ప్రతి తరంగంలోనూ కొంత శక్తి వేడిగా మారిపోతుంది. ఒకే సమయంలో ఎక్కువ పౌనఃపున్యం ఎక్కువ సార్లు ఊగుతుంది, అందుకే ఎక్కువ నష్టపోతుంది. ఈ శోషణను క్యూ అనే సంఖ్యతో కొలుస్తారు. క్యూ విలువ 100 ఉన్న అవక్షేపాల్లో తరంగం మూడు సెకన్లు ప్రయాణిస్తే 20 హెర్ట్జ్ భాగంలో సుమారు 15 శాతం మిగులుతుంది. 100 హెర్ట్జ్ భాగంలో మిగిలేది పన్నెండు వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. కంప్యూటర్‌లో ఈ నష్టాన్ని తిరిగి పెంచవచ్చు. కానీ దాంతోపాటు ఆ పౌనఃపున్యంలోని రొద కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. లోతైన లక్ష్యానికి 100 హెర్ట్జ్ తీసుకొస్తామని ఎవరైనా మాట ఇస్తే జాగ్రత్తగా వినాలి.

నీటి ఉపరితలం చేసే నష్టం

కింది పొరల నుంచి పైకి వచ్చిన తరంగం హైడ్రోఫోన్‌ను తాకి అక్కడితో ఆగదు. ఇంకా పైకి పోయి నీటి ఉపరితలానికి తగులుతుంది. నీటికీ గాలికీ సాంద్రతలోనూ శబ్దవేగంలోనూ ఉన్న తేడా ఎంత పెద్దదంటే, ఆ సరిహద్దు శబ్దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి తిప్పేస్తుంది. తిప్పేటప్పుడు పీడనం గుర్తు మారుతుంది. ఎక్కువ పీడనంగా వెళ్లింది తక్కువ పీడనంగా తిరిగొచ్చి అదే హైడ్రోఫోన్‌ను రెండోసారి తాకుతుంది. దీన్ని ఘోస్ట్ అంటారు. ఖాళీ కల్యాణమండపంలో మైకులో మాట్లాడితే మాట మీద ప్రతిధ్వని పడి అక్షరాలు కలిసిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. ఎయిర్‌గన్ వైపు కూడా ఇదే కథ: కిందికి పోవలసిన శబ్దం వెంట, పైకి పోయి తలకిందులై తిరిగొచ్చిన శబ్దం కూడా కిందికి దిగుతుంది.

లెక్క చూస్తే నష్టం స్పష్టంగా తెలుస్తుంది. కేబుల్ 7.5 మీటర్ల లోతులో ఉందనుకుందాం. నిలువుగా వచ్చిన తరంగం పైకి, కిందికి కలిపి 15 మీటర్లు అదనంగా ప్రయాణించాలి. నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు కాబట్టి ఘోస్ట్ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. 50 హెర్ట్జ్ తరంగానికి అది సరిగ్గా సగం ఊపు. గుర్తు మారడమూ తోడై రెండూ కలిసి రెట్టింపవుతాయి. 100 హెర్ట్జ్ తరంగానికి అది పూర్తి ఊపు. గుర్తు మారింది కనుక రెండూ రద్దయిపోతాయి. ఆ పౌనఃపున్యం దగ్గర రికార్డులో ఏమీ మిగలదు. ఈ గుంటను నాచ్ అంటారు. సున్నా హెర్ట్జ్ దగ్గర కూడా ఇలాంటి గుంటే ఉంటుంది. అందువల్ల 5 హెర్ట్జ్ భాగం శిఖరంలో ఆరో వంతు కూడా ఉండదు.

కేబుల్‌ను 25 మీటర్ల లోతుకు దించితే 5 హెర్ట్జ్ భాగం శిఖరంలో సగానికి పెరుగుతుంది. లోతులో అలల రొద కూడా తక్కువ. కానీ నాచ్‌లు 30, 60, 90 హెర్ట్జ్‌లకు దిగివచ్చి సరిగ్గా పనికొచ్చే పౌనఃపున్యాల నడుమ కూర్చుంటాయి. పైన లాగితే తక్కువ పౌనఃపున్యాలు పోతాయి, కింద లాగితే మధ్యవి పోతాయి. దశాబ్దాల పాటు సర్వే నిపుణులు ఈ రెంటి మధ్య రాజీపడి 6 నుంచి 9 మీటర్ల లోతును ఎంచుకున్నారు. ఆ రాజీ ఫలితమే పాత చిత్రాల్లో కనబడే ఒకే తీరు మసక.

ఈ ముడిని విప్పిన పద్ధతులు ఒకటి కాదు. అన్నిటికన్నా సొగసైనది రెండు రకాల సెన్సార్లను ఒకేచోట పెట్టడం. పీడనానికి దిశ లేదు. నీటి కణాల వేగానికి ఉంది. పైకి వచ్చే తరంగానికి రెండు సెన్సార్లూ ఒక తీరుగా స్పందిస్తే, పైనుంచి తిరిగొచ్చే ఘోస్ట్‌కు ఎదురెదురుగా స్పందిస్తాయి. రెండు రికార్డులనూ తగిన పాళ్లలో కలిపితే ఘోస్ట్ తొలగిపోతుంది. సముద్రం అడుగున పరిచే కేబుళ్లలో ఈ సూత్రాన్ని 1980ల చివరలోనే వాడారు. లాగుతున్న కేబుల్‌లో అది కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎందుకంటే వేగాన్ని కొలిచే సెన్సార్ కేబుల్ వణుకును కూడా పట్టేస్తుంది. నార్వేకు చెందిన పీజీఎస్ సంస్థ 2007లో జియోస్ట్రీమర్ పేరుతో ఇలాంటి కేబుల్‌ను తెచ్చింది. 20 మీటర్ల లోతులో పీడన సెన్సార్‌కు 37.5 హెర్ట్జ్ దగ్గర గుంట పడితే, వేగ సెన్సార్‌కు సరిగ్గా అక్కడే శిఖరం ఉంటుంది. ఒకటి కోల్పోయింది రెండోది ఇస్తుంది. బాగా తక్కువ పౌనఃపున్యాల్లో మాత్రం వేగ సెన్సార్ రొదలో మునిగిపోతుంది. అక్కడ పీడన రికార్డు నుంచే వేగాన్ని లెక్కగట్టి వాడుకుంటారు.

ఫ్రాన్స్‌కు చెందిన సీజీజీవెరిటాస్ 2010లో వేరే దారి పట్టింది. కేబుల్‌ను ఓడ దగ్గర 5 మీటర్ల లోతులో మొదలుపెట్టి, దూరం వెళ్లేకొద్దీ 50 మీటర్ల దాకా వంపుగా దించింది. ఒక్కో హైడ్రోఫోన్ ఒక్కో లోతులో ఉంటే ఒక్కోదాని నాచ్ ఒక్కోచోట పడుతుంది. అన్ని రికార్డులూ కలిపినప్పుడు ఏ పౌనఃపున్యమూ పూర్తిగా ఖాళీగా మిగలదు. కేబుల్‌ను వాలుగా లాగాలన్న ఆలోచన 1980ల నుంచీ ఉంది. అలాంటి రికార్డులను సరిచేసే గణన శక్తి అప్పట్లో లేక అది మూలన పడింది. వెస్టర్న్‌జెకో 2012లో తెచ్చిన ఐసోమెట్రిక్స్ మరో అడుగు ముందుకేసింది. పీడనంతోపాటు నిలువు, అడ్డ దిశల్లో నీటి త్వరణాన్ని కూడా కొలిచి, రెండు కేబుళ్ల మధ్య ఉన్న ఖాళీలో తరంగం ఎలా ఉండి ఉంటుందో లెక్కగట్టింది.

ఎయిర్‌గన్ వైపు ఘోస్ట్‌ను తగ్గించడానికి గన్‌లను రెండు మూడు లోతుల్లో వేలాడదీసి, కిందికి దిగే తరంగం ఒక్కో వరసను చేరే క్షణానికి ఆ వరసను పేలుస్తారు. కిందికి పోయే శబ్దాలు కలిసి బలపడతాయి. పైకి పోయి వచ్చేవి వేర్వేరు వేళల్లో వచ్చి బలహీనపడతాయి. ఏ పద్ధతికైనా ఒక ఇబ్బంది మిగిలే ఉంది. నీటి ఉపరితలాన్ని బల్లపరుపుగా ఊహించుకుని లెక్కలు కడతాం. సముద్రం గరుకుగా ఉన్న రోజున ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర ఆ ఊహ తప్పుతుంది, ఘోస్ట్ అవశేషాలు చిత్రంలో మిగులుతాయి.

తక్కువ పౌనఃపున్యాలు ఎందుకు

పొర ప్రతిధ్వని ఒక్క గీతగా రాదు. నడుమ పెద్ద శిఖరం, దానికి అటూ ఇటూ చిన్నచిన్న పక్క శిఖరాలు ఉంటాయి. పౌనఃపున్య శ్రేణి 10 నుంచి 80 హెర్ట్జ్‌కే పరిమితమైతే పక్క శిఖరాలు బాగా కనబడతాయి. వాటిని లేని పొరలుగా భ్రమపడే ప్రమాదం ఉంది. శ్రేణిని కింది వైపు 2.5 హెర్ట్జ్ దాకా పెంచితే పక్క శిఖరాలు అణగారి నడిమి శిఖరం ఒంటరిగా నిలుస్తుంది. పై కొసన ఏమీ చేర్చకుండానే చిత్రం చదవడానికి ఎంతో తేలికవుతుంది. ఎక్కువ పౌనఃపున్యం గీతను సన్నం చేస్తే, తక్కువ పౌనఃపున్యం ఆ గీత చుట్టూ ఉన్న చెత్తను ఊడ్చేస్తుంది.

రాతి గుణాలను లెక్కగట్టేటప్పుడు దీని విలువ ఇంకా పెరుగుతుంది. ప్రతిధ్వని పొరల మధ్య తేడాను మాత్రమే చెబుతుంది. ఒక మందమైన పొర లోపల రాయి ఎలాంటిదన్న సమాచారం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. అవి రికార్డులో లేకపోతే బావుల నుంచి అప్పు తెచ్చుకోవలసిందే. రెండు బావుల మధ్య నలభై కిలోమీటర్ల దూరం ఉంటే ఆ అప్పు ఊహాగానమే అవుతుంది. సాధారణ ఎయిర్‌గన్‌లు 3, 4 హెర్ట్జ్ కింద చాలా బలహీనం. అందుకే బీపీ సంస్థ వుల్ఫ్‌స్పార్ అనే ప్రత్యేక సాధనాన్ని కేవలం అతి తక్కువ పౌనఃపున్యాల కోసమే తయారు చేసింది.

అడ్డ దిశలో స్పష్టత

నిలువుగా పది మీటర్లు తెలుస్తున్న చోట కూడా అడ్డంగా మొదట్లో ఏమంత తెలియదు. తరంగం కింద ఒక బిందువుకు కాక ఒక వలయానికి తగిలి తిరిగొస్తుంది. దీన్ని ఫ్రెనెల్ వలయం అంటారు. 2000 మీటర్ల లోతులో, సెకనుకు 2000 మీటర్ల వేగంతో, 50 హెర్ట్జ్ దగ్గర దాని వ్యాసార్ధం 200 మీటర్లు. అంటే 400 మీటర్ల వెడల్పు నది పాయ ఒకటి ఆ వలయంలో మొత్తంగా ఇమిడిపోతుంది. మైగ్రేషన్ అనే గణన ప్రక్రియ ఈ వలయాన్ని తరంగదైర్ఘ్యం స్థాయికి కుదిస్తుంది. తరంగాలను కంప్యూటర్‌లో వెనక్కి నడిపి, అవి ఎక్కడ నుంచి బయలుదేరాయో అక్కడికి చేర్చడం దీని సారం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లేర్‌బౌట్ 1970ల మొదట్లో తరంగ సమీకరణంతో చిత్రించే ఆలోచనకు పునాది వేశాడు. 1983లో ప్రతిపాదించిన రివర్స్ టైమ్ మైగ్రేషన్ సమీకరణాన్ని దాదాపు పూర్తిగా పరిష్కరిస్తుంది. అయితే దానికి తగిన కంప్యూటర్లు వచ్చి, మెక్సికో సింధుశాఖలో ఉప్పు దిమ్మెల కింది పొరలను చూడడానికి విరివిగా వాడేసరికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

మైగ్రేషన్ సరిగా జరగాలంటే తరంగాన్ని తగినంత దగ్గర దగ్గరగా కొలిచి ఉండాలి. వాలుగా ఉన్న పొరల నుంచి వచ్చే ఎక్కువ పౌనఃపున్యాలకు ఈ దూరం పది పదిహేను మీటర్లు దాటకూడదు. కేబుల్ పొడవునా ఇది తేలికే. హైడ్రోఫోన్ సమూహాలు 12.5 మీటర్లకొకటి ఉంటాయి. చిక్కంతా అడ్డంగానే. కేబుళ్ల మధ్య 100 మీటర్ల ఎడం, రెండు ఎయిర్‌గన్ సమూహాలు ఉంటే చిత్రంలో అడ్డ దూరం 25 మీటర్లు. మూడు సమూహాలైతే సుమారు 16.7, అయిదైతే 10 మీటర్లు. కొత్త కేబుల్ చేర్చడం కన్నా గన్ సమూహాలను విడగొట్టడం చౌక కావడంతో ఇటీవలి సర్వేల్లో ఇదే మార్గం ఊపందుకుంది.

దానికీ ఒక మూల్యం ఉంది. ఓడ 12.5 మీటర్లు సాగడానికి అయిదు సెకన్లు పడుతుంది. అంత తరచుగా పేలిస్తే మొదటి పేలుడు తాలూకు లోతైన ప్రతిధ్వనులు ఇంకా వస్తుండగానే రెండోది మొదలవుతుంది. పేలుడు వేళలను కావాలని కొద్ది మిల్లీసెకన్లు అటూ ఇటూ జరిపి, తర్వాత ఆ క్రమరాహిత్యం ఆధారంగా రెండు రికార్డులను కంప్యూటర్‌లో విడదీస్తారు. సముద్ర ప్రవాహాలు కేబుళ్లను పక్కకు నెట్టడం మరో బెడద. బంగాళాఖాతంలో మన తీరం వెంబడి సాగే ప్రవాహం వేసవికి ముందు ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. ఒక సర్వే ఈ మార్పుకు రెండు వైపులా సాగితే కేబుళ్ల వాలు తిరగబడి, మధ్యలో కొలవని పట్టీలు మిగిలిపోతాయి. వాటిని పూరించడానికి ఓడ మళ్లీ రావాలి.

నీటి అడుగుకీ ఉపరితలానికీ మధ్య పదేపదే కొట్టుకునే ప్రతిధ్వనులు కూడా అసలు పొరల మీద నకిలీ పొరలుగా అచ్చవుతాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో బెర్ఖౌట్, వెర్షూర్ బృందం 1992లో ప్రచురించిన పద్ధతి, రికార్డు నుంచే ఈ నకిలీలను ముందుగా లెక్కగట్టి తీసివేస్తుంది. నేటికీ అదే ప్రధాన ఆధారం.

పూర్తి తరంగ రూపాన్ని వాడుకోవడం

మైగ్రేషన్‌కు రాతిలో వేగం ముందే తెలిసి ఉండాలి. వేగం తప్పితే ప్రతిధ్వని తప్పు చోటికి చేరి మసకబారుతుంది. ఈ వేగాన్ని కనిపెట్టడానికి ఫ్రాన్స్‌లో పాట్రిక్ లైలీ 1983లో, ఆల్బర్ట్ టరాంటోలా 1984లో ఒక సాహసోపేతమైన మార్గం సూచించారు. భూగర్భానికి ఒక నమూనా ఊహించి, దానిలో తరంగాలను నడిపి, వచ్చిన రికార్డును అసలు రికార్డుతో ఊపు ఊపూ పోల్చి, తేడా తగ్గేలా నమూనాను దిద్దుతూ పోవాలి. దీని పేరు ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్. మొదటి ఊహ సగం ఊపు కన్నా ఎక్కువ తప్పితే లెక్క పక్క ఊపును పట్టుకుని తప్పుదారిలో పోతుంది. 4 హెర్ట్జ్ దగ్గర ఈ వెసులుబాటు 125 మిల్లీసెకన్లు, 2 హెర్ట్జ్ దగ్గర 250. తక్కువ పౌనఃపున్యాల కోసం ఇంత ఆరాటం ఎందుకో ఇక్కడ మళ్లీ తెలుస్తుంది.

దీని శక్తిని ప్రపంచానికి చూపిన చోటు నార్వే సముద్రజలాల్లోని వాల్‌హాల్ క్షేత్రం. అక్కడ చమురు నిల్వల పైన గ్యాస్ నిండిన పొరలు శబ్దాన్ని చెదరగొట్టి చిత్రాన్ని మూసేసేవి. 2003లో సముద్రగర్భంలో శాశ్వతంగా కేబుళ్లు పరిచారు. వాటి రికార్డుల మీద లారెంట్ సిర్గ్ బృందం ఈ పద్ధతిని నడిపి 2010లో ఫలితాలు వెలువరించింది. తక్కువ లోతుల్లోని పురాతన నదీ పాయల మెలికలు, వాటి కింద గ్యాస్ వ్యాపించిన చీలికలు వేగపటంలోనే కనబడ్డాయి. అంతవరకు మసకగా ఉన్న చోట వేగం సరైనదయ్యాక కింది పొరలూ తేటపడ్డాయి.

సముద్రం అడుగున విడివిడిగా పెట్టే నోడ్ అనే రికార్డింగ్ పెట్టెలు ఈ పద్ధతికి బాగా కలిసొచ్చాయి. వాటికి కేబుల్ రొద లేదు. గన్ ఓడ ఎంత దూరమైనా, ఏ దిశకైనా పోగలదు కనుక వాలు తరంగాలు అన్ని వైపుల నుంచీ దొరుకుతాయి. మెక్సికో సింధుశాఖలోని అట్లాంటిస్ క్షేత్రంలో బీపీ 2005, 2006 ప్రాంతంలో లోతు నీటి నోడ్ సర్వే చేసింది. 2017లో అదే క్షేత్రంలో పూర్తి తరంగ రూప లెక్కలతో 20 కోట్ల బ్యారళ్లకు పైగా అదనపు వనరులు గుర్తించినట్టు ప్రకటించింది. ఖర్చులో నోడ్‌లు కేబుళ్లను మించుతాయి. కాబట్టి కొత్త ప్రాంతాన్ని జల్లెడ పట్టడానికి కేబుళ్లు, తెలిసిన క్షేత్రాన్ని లోతుగా చూడడానికి నోడ్‌లు అన్న పని విభజన ఏర్పడింది.

కృష్ణా–గోదావరి లోతుల్లో

కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్‌లో, కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ డి6 బ్లాకులో 2002లో గ్యాస్ కనుగొన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై గాడిమొగ దగ్గర తీరం చేరింది. అక్కడి ధీరూభాయ్ 1, 3 నిల్వలు సముద్రం అడుగు వాలు మీద ప్రవహించిన పురాతన పాయల ఇసుకలోనివి. గోదావరి తెచ్చిన మట్టీ ఇసుకా తీరం దాటాక సుడిగా కిందికి జారి, మెలికలు తిరిగే కాలువలు తవ్వి, గట్లు కట్టి, వాటిని మళ్లీ పూడ్చాయి. ఇలాంటి నిల్వల్లో ఒక పాయ ఇసుక మరో పాయ ఇసుకను తగులుతోందా, మధ్యలో బంకమట్టి పొర అడ్డుందా అన్నదాని మీద ఎన్ని బావులు కావాలో ఆధారపడుతుంది. ఆ బంకమట్టి పొర ఒకటి రెండు మీటర్లే ఉండవచ్చు. పైన చెప్పిన 10 మీటర్ల హద్దుతో పోల్చితే చిక్కు తెలుస్తుంది: గ్యాస్ ప్రవాహాన్ని ఆపగల పొర చిత్రంలో కనబడనే కనబడదు. పాయల ఆకారాన్ని, వాటి అమరికను సైస్మిక్ చూపిస్తుంది. కలయికను ఉత్పత్తి మొదలయ్యాక పీడనం చెబుతుంది.

ఇదే బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్‌ల అధ్యయనం పృథక్కరణకు మరో పాఠం. చలి, పీడనం ఉన్న లోతు సముద్రపు అవక్షేపాల్లో నీరు, మీథేన్ కలిసి మంచులాంటి ఘనపదార్థంగా ఉంటాయి. దాని అడుగున స్వేచ్ఛగా గ్యాస్ ఉంటే, సముద్రగర్భానికి సమాంతరంగా, తిరగబడిన గుర్తుతో ఒక బలమైన ప్రతిధ్వని వస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన తీరాల సైస్మిక్ రికార్డుల్లో ఈ గుర్తు కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2006లో జాయిడ్స్ రిజల్యూషన్ నౌక కేజీ బేసిన్‌లో తవ్వినప్పుడు ఒకచోట పగుళ్లు బారిన బంకమట్టిలో సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ బయటపడింది. 2015లో చిక్యూ నౌకతో జరిగిన రెండో యాత్ర ఇసుక పొరల్లోని హైడ్రేట్‌ను లక్ష్యం చేసుకుంది. ఈ గుర్తు పౌనఃపున్యాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. మామూలు సర్వేలో ఎడతెగని గట్టి గీతగా కనబడేది, ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో సముద్రగర్భానికి దగ్గరగా లాగిన వందల హెర్ట్జ్ సాధనంతో చూస్తే ముక్కలు ముక్కలుగా, ఎగుడుదిగుడుగా కనబడింది. మొదటి చిత్రంలోని నునుపు చాలావరకు ఫ్రెనెల్ వలయం ఇచ్చిన సగటే.

తక్కువ లోతు లక్ష్యాలు, పర్యావరణం, కొత్త గణనలు

గాలిమరల పునాదుల కోసం చేసే సర్వేలో లక్ష్యం సముద్రగర్భం కింద వంద మీటర్ల లోపే. అక్కడ స్పార్కర్ అనే విద్యుత్ మెరుపు సాధనంతో వెయ్యి హెర్ట్జ్ దాకా వాడవచ్చు. సెకనుకు 1600 మీటర్ల వేగానికి తరంగదైర్ఘ్యం 1.6 మీటర్లు, విడిగా తెలిసే పొర 40 సెంటీమీటర్లు. ఇంత సన్నని స్థాయిలో అరమీటరు ఎత్తు అల కూడా శత్రువే. ఒక పేలుడు అల శిఖరం మీద, తర్వాతిది లోయలో పడితే పొరలు రంపపు పళ్లలా వస్తాయి. ఆటుపోట్లను, అల ఎత్తును ప్రతి పేలుడుకూ సరిదిద్దక తప్పదు. నార్వేలో రూపొందిన పీ-కేబుల్ పద్ధతి, ఓడకు అడ్డంగా కట్టిన తీగకు పొట్టి కేబుళ్లు పక్కపక్కనే తగిలించి ఇలాంటి లోతులకు త్రిమితీయ చిత్రాన్ని ఇస్తోంది.

ఎక్కువ పేలుళ్లు, దగ్గర దగ్గర పేలుళ్లు అన్న ఒరవడి సముద్ర జీవుల వైపు నుంచి కూడా చూడవలసినదే. టాస్మానియా దగ్గర చేసిన ప్రయోగంలో ఒక్క ఎయిర్‌గన్ ప్రభావంతో 1.2 కిలోమీటర్ల దూరం దాకా జంతు ప్లవకాలు చనిపోయినట్టు 2017లో శాస్త్రవేత్తలు నివేదించారు. తిమింగలాలు కనబడితే పేలుళ్లు ఆపడం, బలాన్ని మెల్లగా పెంచుతూ మొదలుపెట్టడం చాలా దేశాల్లో నియమం. గన్ సమూహాలను విడగొట్టే పద్ధతిలో ఒక్కో పేలుడు బలం తగ్గడం మేలే. ఒక్క పెట్టున పేలకుండా సెకన్ల తరబడి మెల్లగా ఊగే సముద్ర వైబ్రేటర్ల మీద కూడా పరిశోధన సాగుతోంది. స్పష్టతకు గట్టి చప్పుడు కన్నా సరైన పౌనఃపున్య శ్రేణి ముఖ్యం కనుక, ఈ దిశలో ఇంకా పెట్టుబడి పెట్టవలసిన అవసరం ఎంతో ఉంది.

కృత్రిమ మేధలో వాడే లోతైన నాడీ జాలాలతో (డీప్ న్యూరల్ నెట్‌వర్క్‌లతో) పాత రికార్డులకు పదును పెట్టే ప్రయత్నాలు ఇటీవల పెరిగాయి. రొద తీయడంలో, ఒకదానిపై ఒకటి పడిన పేలుళ్లను విడదీయడంలో అవి బాగా పనిచేస్తున్నాయి. లేని పౌనఃపున్యాలను సృష్టించే విషయం వేరు. శిక్షణ ఇచ్చిన చిత్రాల్లో సన్నని పొరలు తరచుగా ఉంటే, ఆ జాలం ఇక్కడా సన్నని పొరలు గీస్తుంది; గీసింది ఎంతో నమ్మదగినట్టు కనబడుతుంది. దీనికి ఉన్న పరీక్ష పాతదే. ఒక బావి కొలతలను పక్కన దాచిపెట్టి, మెరుగుపరిచిన చిత్రం ఆ బావి దగ్గర ఏ పొరలు ఉంటాయని చెబుతోందో రాసుకుని, తర్వాత బావి కొలతలతో పోల్చుతారు. ఘోస్ట్ తొలగింపునూ, శోషణ సవరణనూ, పూర్తి తరంగ రూప లెక్కనూ ఇదే తీరున పరీక్షిస్తారు.